కుంకుమ భరిణె మూత, సెల్ షాపు మైక్రోస్కోప్

ప్రశ్న: మాస్టారూ, మాది కందుకూరు. మా మామగారి స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు వేసేది నేనే. ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో ఆరేళ్లుగా వేస్తున్నాను. ఇప్పుడు వెండి కుంకుమ భరిణెల మీద, హారతి పళ్లేల మీద చేత్తో నగిషీ చెక్కడం నేర్చుకోవాలని ఉంది. రెండు గ్రేవర్లు (లోహం చెక్కే సన్న ఉలులు), ఇత్తడి రేకు తెచ్చుకున్నాను. కంటికి పెట్టుకునే భూతద్దంతో అరగంట పని చేసేసరికి మెడ పట్టేస్తోంది. మైక్రోస్కోప్ ఉంటే మంచిదంటున్నారు. ఆన్‌లైన్‌లో కంప్యూటర్‌కి తగిలించేది, 1000 ఎక్స్ అని రాసి ఉన్నది, చవగ్గా కనిపించింది. మా తమ్ముడికి సెల్ రిపేరు షాపు ఉంది. తను కొత్త మైక్రోస్కోప్ కొనుక్కుంటున్నాడు, రెండు కళ్లతో చూసే పాతది నాకిస్తానంటున్నాడు. నా చేతిలో పదిహేను వేలకు మించి లేవు. ఏది తీసుకోవాలి? ఎలా బిగించుకోవాలి? అందులో చూస్తే కళ్లు పోతాయని మా అత్తగారి భయం. నిజమేనా?

జవాబు: అమ్మా, మీ తమ్ముడి పాతది తీసుకోండి. ఆన్‌లైన్‌లో చూసింది కొనకండి. ముందు ఈ రెండు మాటలూ చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా జవాబు మీకు చేరేలోపే ఆ వెయ్యి ఎక్స్‌కి ఆర్డర్ పెట్టేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

నగిషీ గీతకి వెడల్పు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. మీ ఎలక్ట్రిక్ పెన్సిల్‌కి మొన ఎంత లావుంటే గీతా అంతే. గ్రేవర్ అలా కాదు. దాని మొన ‘వి’ ఆకారంలో ఉంటుంది. లోహంలోకి కాస్త దిగితే గీత లావవుతుంది, పైకి తేలితే వెంట్రుకలా సన్నబడుతుంది. మామిడి పిందె బొడ్డు దగ్గర లావుగా మొదలై, కొస దగ్గర మాయమైపోయే ఆ గీత ఉంది చూశారా, అదంతా లోతుతో చేసే పనే. పిడి ఒక నూలుపోగంత పైకెత్తితే మొన దిగుతుంది, కిందికి దించితే తేలుతుంది. అంటే మీ కంటికి లోతు కనపడాలి. లోతు తెలియాలంటే రెండు కళ్లూ రెండు దారుల్లో చూడాలి. కంప్యూటర్‌కి తగిలించేదానికి కన్ను ఒక్కటే. పైగా బొమ్మ తెరమీదికి వచ్చేసరికి రెప్పపాటు ఆలస్యం అవుతుంది. చేయి ముందు వెళ్లిపోతుంది, బొమ్మ వెనక వస్తుంది. చెక్కే చేతికి అది పనికిరాదు. వెయ్యి ఎక్స్ అన్నది చాలావరకు తెరమీద సాగదీసిన లెక్క. నగిషీకి కావలసింది ఐదు నుంచి పదిహేను రెట్లు, ఎప్పుడైనా ఇరవై. అంతే.

బడి పిల్లలు ఉల్లిపొర చూసే మైక్రోస్కోప్ కూడా వద్దు. అంబాలా నుంచి వచ్చే ఆ రకం చదువుకి చాలా మంచివి, కానీ మన పనికి కాదు. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, పవర్ నలభై దగ్గర మొదలవుతుంది, కింది లెన్స్ వస్తువుకి దాదాపు ఆనుకుని ఉంటుంది. గ్రేవర్ ఎక్కడ పెడతారు?

మీ తమ్ముడి దగ్గరున్నది స్టీరియో జూమ్, అంటే రెండు కళ్లతో చూస్తూ పవర్ పెంచుకుని తగ్గించుకునే రకం, అయి ఉంటుంది. సెల్ షాపుల్లో ఎక్కువగా కనపడేది ఏడు నుంచి నలభై ఐదు దాకా జూమ్ అయ్యే రకం. తల, అంటే లెన్సులుండే పై భాగం, మంచిదే. ఇబ్బందల్లా లెన్స్‌కీ వస్తువుకీ మధ్య ఉండే ఖాళీ. ఆ రకానికి మామూలుగా పది సెంటీమీటర్లు ఉంటుంది. సెల్ బోర్డు మీద సన్న శ్రావణం ఆడించడానికి అది చాలు. మీరు పిడికిట్లో గ్రేవర్ పట్టుకుని, చూపుడు వేలు ఆనించి, పిడి లేపుతూ దించుతూ పని చేయాలి. పది సెంటీమీటర్లలో ఆ చేయి మసలదు.

నాకిది అనుభవం మీద తెలిసింది. పన్నెండేళ్ల కిందట నేను మొదటిది కొన్నప్పుడు, అమ్మినాయన పది సెంటీమీటర్లు బోలెడన్నాడు, నేను నమ్మాను. ఒంగోల్లో ఒకరి గృహప్రవేశానికి వెండి పళ్లెం చెక్కుతున్నాను. వంపు తిప్పేటప్పుడు పిడి వెళ్లి లెన్స్ అంచుకి తగిలింది. మొన జారి పువ్వు మధ్య నుంచి అడ్డంగా గీత పడింది. దాన్ని అరగదీసి, పాలిష్ పెట్టి, ఆ పువ్వు మళ్లీ చెక్కేసరికి తెల్లారింది. ముహూర్తానికి ఇవ్వగలిగాను కానీ, ఆ రాత్రి నేను పడ్డ బాధ మీరు పడకూడదు.

దీనికి మందు ఒక చిన్న లెన్స్. సెల్ షాపుల వాళ్లు ‘హాఫ్ ఎక్స్’ అనీ, ‘బార్లో’ అనీ అంటారు. తల అడుగున మరతో బిగించుకోవాలి. ఈ రకం తలలకి మర సాధారణంగా 48 మిల్లీమీటర్లు. కొనేముందు స్కేలుతో కొలుచుకోండి. అది బిగిస్తే పవర్ సగానికి పడిపోయి మూడున్నర నుంచి ఇరవై రెండున్నర అవుతుంది, ఖాళీ పదహారు సెంటీమీటర్ల పైకి పెరుగుతుంది. పవర్ తగ్గిందని దిగులుపడకండి, మీకు కావలసింది సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. తమ్ముడి డబ్బాలో ఈ లెన్స్ వాడకుండా పడి ఉండే అవకాశం ఉంది, అడగండి. లేకపోతే సింగరాయకొండలో రైలెక్కి చెన్నై వెళ్తే, సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లోనే రిచీ స్ట్రీట్. సెల్ రిపేరు సామానంతా అక్కడ చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు.

ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి. కంటి దగ్గర పెట్టే లెన్సుల మీద ‘10ఎక్స్/20’ అని ఉంటే, 200ని మీరు పెట్టిన పవర్‌తో భాగించండి. ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుందో వస్తుంది. ఐదు పవర్‌లో నాలుగు సెంటీమీటర్లు, అంటే చిన్న భరిణె మూత మొత్తం కళ్లముందుంటుంది. పదిలో రెండు సెంటీమీటర్లు. ఇరవైలో ఒక్క సెంటీమీటరే. కొత్తవాళ్లు ఎక్కువ పవర్ పెట్టి చెక్కుతారు. గీత గొప్పగా కనిపిస్తుంది, కానీ తీగ ఎటు వెళ్తోందో తెలియదు. తీరా కళ్లు తీసి చూస్తే తీగ పక్కకి పోయి ఉంటుంది. ఐదూ ఏడూ మధ్య చెక్కండి, ఇరవైకి వెళ్లేది మొన చూసుకోవడానికే.

ఇక స్టాండు. మీ డబ్బు ఇక్కడ పెట్టండి.

సెల్ షాపు స్టాండు పొట్టిది. కొలత చూద్దాం. వస్తువు పట్టుకునే గిన్నె (దాని సంగతి కింద చెబుతాను) బల్ల మీద నుంచి పన్నెండు సెంటీమీటర్లు ఉందనుకోండి. దానిపైన పదహారున్నర ఖాళీ. అంటే కింది లెన్స్ బల్ల మీదినుంచి ఇరవై ఎనిమిదిన్నర సెంటీమీటర్ల ఎత్తుకి లేవాలి. ఆ స్టాండు అంత లేవదు. చేతిలా సాగే బూమ్ స్టాండు కొత్తది కొంటే మీ పదిహేను వేలల్లో పెద్ద ముక్క దానికే పోతుంది. మొదట్లో అది అక్కర్లేదు. స్టాండు గుంజ ఎంత లావుందో కొలిచి, అంతే లావున్న నిఖార్సైన ఇనుప రాడ్డు సుమారు యాభై సెంటీమీటర్లు లేత్ షాపులో కోయించాలి, సరైన పొడవు మీ కొలతలు చూశాక చెబుతాను. అడుగున మర తీయించండి. పాత గుంజ మీద ఉన్న ఫోకస్ భాగం జారి దీని మీదికి వచ్చేయాలి. ఆ కాస్త పని సరిగ్గా చేయమని దగ్గరుండి చేయించుకోండి. వదులుగా ఉంటే తల మెల్లగా కిందికి జారుతుంది.

ఈ రాడ్డుకి అడుగుబరువు కావాలి. చీమకుర్తి మనకి పక్కనే ఉంది, గ్రానైట్ కోసే చోట తునకలు పడి ఉంటాయి. రెండడుగులు బై అడుగు, రెండు సెంటీమీటర్ల మందం ముక్క అడగండి. పది కిలోల దాకా తూగుతుంది. వెనక అంచుకి దగ్గరగా ఒక బెజ్జం వేయించి రాడ్డు బిగించండి. పాలిష్ ఉన్న వైపు కిందికి పెట్టండి, పైకి ఉంటే దీపం అందులో మెరిసి కంట్లో కొడుతుంది. కింద రబ్బరు షీటు వేయండి. తల ఎప్పుడూ రాయి మీదే ఉండాలి, రాయి దాటి ముందుకి వస్తే మొత్తం మీ ఒళ్లో పడుతుంది.

ఈ ఏర్పాటుకి ఒక హద్దు ఉంది, ముందే చెప్పడం మంచిది. గుంజకీ చూపు పడే చోటుకీ మధ్య దూరం తక్కువ. భరిణె మూతలు, ఉంగరాలు, గంధపు గిన్నెలు, చిన్న బిళ్లలు హాయిగా తిరుగుతాయి. పెద్ద హారతి పళ్లెం అంచు చెక్కాలంటే, అవతలి అంచు వెళ్లి గుంజకి తగులుతుంది. పళ్లేల పని వచ్చేసరికి నాలుగు డబ్బులు కూడతాయి, అప్పుడు బూమ్ స్టాండు కొనుక్కోండి.

వస్తువు పట్టుకోవడానికి బాల్ వైజ్ అనే ఇనుప గుండు అమ్ముతారు. అది మంచిదే కానీ ఖరీదు ఎక్కువ, ఇప్పుడే వద్దు. మా నాన్న ఏం చేసేవాడంటే, గుండ్రటి అడుగున్న మందపాటి ఇనుప మూకుడు నిండా లక్క పోసి, దాన్ని గుడ్డ చుట్టకుదురు మీద పెట్టేవాడు. బిందె కింద పెట్టే కుదురే. మూకుడు ఎటు కావాలంటే అటు వాలేది, ఎటు కావాలంటే అటు తిరిగేది. మూకుడు పదిహేను సెంటీమీటర్ల వెడల్పు దాటకుండా చూసుకోండి. లక్క వేడి చేసి రేకు అదిమి పెట్టండి, చల్లారాక చెక్కండి. చెక్కేది మూకుడు సరిగ్గా నడుమ ఉండాలి. గ్రేవర్ పట్టిన చేయి దాదాపు కదలదమ్మా, ఎడమచేయి మూకుడిని తిప్పుతుంటే లోహమే మొన మీదికి వస్తుంది. వస్తువు నడుమ లేకపోతే తిప్పిన ప్రతిసారీ చూపులోంచి జారిపోతుంది.

ఆ ఎడమచేతి సంగతి. మైక్రోస్కోప్‌లో చూస్తున్నప్పుడు మీకు మొన చుట్టూ నాలుగు సెంటీమీటర్లే కనిపిస్తుంది. మీ ఎడమచేతి బొటనవేలు ఎక్కడుందో కనపడదు. గ్రేవర్ జారితే నేరుగా దూసుకుపోతుంది. అందుకని ఎడమచేయి మూకుడి పక్క నుంచీ, పై అంచుకి కింద నుంచీ పట్టుకోవాలి. మొన వెళ్లే దారిలో ఎప్పుడూ ఉండకూడదు. ఇది మొదటి రోజునుంచే అలవాటు చేసుకోండి. నా ఎడమచేతి మీదున్న మచ్చ చూపించి మా పిల్లలకి చెబుతాను, మీకూ అంతే గట్టిగా చెబుతున్నాను.

మెడనొప్పికి అసలు కారణం కుర్చీ, బల్ల. పైన చెప్పిన ఎత్తులో తల ఉంటే, కళ్లు పెట్టే చోటు బల్ల మీదినుంచి యాభై సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మామూలు భోజనాల బల్ల డెబ్బై ఐదు. మొత్తం నూట ఇరవై ఐదు. మామూలు కుర్చీలో కూర్చుంటే ఆడవాళ్ల కళ్లు సుమారు నూట పదిహేను దగ్గర ఉంటాయి. ఆ పది సెంటీమీటర్ల కోసం మీరు రోజంతా గడ్డం ఎత్తి కూర్చోవలసి వస్తుంది. బల్ల కాళ్లు కోయించండి, లేకపోతే కుర్చీ మీద గట్టి పీట వేసి, పాదాల కింద ఇంకో పీట పెట్టండి. నడుం నిటారుగా ఉండి, కళ్లు వాటంతటవే లెన్స్‌ల దగ్గరికి రావాలి, మీరు వాటికోసం వంగకూడదు. మోచేతుల కింద దుప్పటి మడిచి పెట్టుకోండి. చేయి గాల్లో ఉంటే ఆ వణుకు ఏడు రెట్లు పెద్దదై కనిపిస్తుంది.

పాతది తీసుకునేముందు మూడు చూడండి. కంటి లెన్సులు తీసి దీపం వైపు పట్టి చూస్తే లోపల సాలెగూడులా సన్నటి తీగలు కనిపిస్తే అది బూజు. మన కోస్తా గాలికి లెన్సులకి బూజు పట్టడం మామూలే, ఎక్కువ పట్టి ఉంటే వద్దు. కాగితం మీద కూడిక గుర్తు గీసి రెండు కళ్లతో చూడండి. ఎంత సర్దినా గుర్తు రెండుగా కనిపిస్తే ఆ తల ఎప్పుడో కింద పడింది, లోపలి గాజులు పక్కకి జరిగాయి. మూడోది, అడుగు లెన్స్ మసకగా ఉంటే భయపడక్కర్లేదు. సోల్డర్ పొగ పట్టిన మసక అది. ముందు గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము పోగొట్టి, తర్వాత లెన్స్ కాగితానికి తమ్ముడి షాపులో ఉండే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) రెండు చుక్కలు అద్ది మెల్లగా తుడవండి. చీర కొంగుతో మాత్రం తుడవకండి. కొంగులో చిక్కుకున్న ఇత్తడి రజను లెన్స్‌ని గీసేస్తుంది.

ఇప్పుడు కళ్ల సంగతి. మీ అత్తగారికి చెప్పండి, కళ్లు పోవు. సరిగ్గా సర్దకుండా చూస్తే తలనొప్పి వస్తుంది, ఆ తలనొప్పి వల్లే ఈ మాట పుట్టి ఉంటుంది. సర్దడం ఇలా. రెండు గొట్టాలనీ దగ్గరికీ దూరానికీ జరపండి. చూపులో ఒక పక్క నల్లటి నెలవంక కనిపిస్తుంటే ఇంకా సరిపోలేదని. రెండు వలయాలూ కలిసి ఒకటే గుండ్రం అయ్యేదాకా జరపండి. తర్వాత ఒక రూపాయి బిళ్ల కింద పెట్టండి. కంటి లెన్సుల దగ్గర తిరిగే రెండు రింగుల్నీ సున్నా దగ్గర పెట్టి, జూమ్ పూర్తిగా పెంచి, బిళ్ల మీద ఒక సన్న గీత స్పష్టంగా కనపడేలా పెద్ద మరతో ఫోకస్ చేయండి. ఇక ఆ మర ముట్టుకోవద్దు. జూమ్ పూర్తిగా తగ్గించండి. ఒక కన్ను మూసి, రెండో కంటి రింగు మాత్రం తిప్పి స్పష్టం చేసుకోండి. తర్వాత ఆ కన్ను మూసి, మొదటి కంటి రింగూ అలాగే. మళ్లీ పెంచి, మళ్లీ తగ్గించి ఇంకోసారి చూసుకోండి. ఇది కుదిరితే జూమ్ ఎంత మార్చినా బొమ్మ చెదరదు. దగ్గరి చూపు కళ్లద్దాలైతే తీసేసి చూడొచ్చు. కళ్లద్దాల చీటీలో సిలిండర్ నంబర్ (ఆస్టిగ్మాటిజం) ఉంటే అద్దాలు ఉంచుకోండి, రింగులు దాన్ని సరిచేయలేవు. ఇరవై నిమిషాలకోసారి లేచి వీధి చివర ఏదైనా చూసి రండి. ఇంత చేసినా తలనొప్పి తగ్గకపోతే కంటి డాక్టరుకి చూపించుకోండి.

దీపం గురించి. లెన్స్ చుట్టూ బిగించే రింగు లైటు తమ్ముడి దగ్గర ఉండే ఉంటుంది. మెరిసే వెండి మీద ఆ బల్బులన్నీ చుక్కలు చుక్కలుగా కనిపించి గీతని మింగేస్తాయి. రింగుకి బటర్ పేపర్ ఒక పొర అంటించండి, వెలుగు పాలలా పరుచుకుంటుంది. చెక్కేటప్పుడు రింగు తగ్గించి, ఎడమపక్క నుంచి ఒక చిన్న దీపం బాగా వాల్చి పెట్టండి. గీతకి ఒక గోడ వెలుగుతుంది, రెండో గోడ నల్లగా ఉంటుంది, లోతు ఇట్టే తెలుస్తుంది. బొమ్మ గీసుకోవడానికి తెల్ల పోస్టర్ రంగు వేలితో పలచగా అద్ది, ఆరాక సన్న పెన్సిల్‌తో గీయండి.

మైక్రోస్కోప్ వల్ల మీకు అన్నిటికన్నా ముందు కలిగే లాభం చెక్కడంలో కాదు, సాన పెట్టడంలో. మొనని ఇరవై పవర్‌లో దీపం కింద తిప్పి చూడండి. పదునైన మొన వెలుగుని వెనక్కి ఇవ్వదు, ఎక్కడ ముగిసిందో కూడా తెలియదు. విరిగిన మొన మీద ఆవగింజలో వెయ్యోవంతు తెల్లచుక్క తళుక్కుమంటుంది. ఆ చుక్క ఉన్నంతసేపూ గ్రేవర్ జారుతుంది, గీత అంచులు చిరుగుతాయి. మీరు తప్పు చేయిదనుకుంటారు. మొదటి నెల మీకు గీతలు సరిగ్గా రాకపోతే పదింట తొమ్మిదిసార్లు ఆ చుక్కే కారణం. గ్రేవర్ ‘వి’ కోణం నూట ఇరవై డిగ్రీలది పెట్టుకోండి, ముఖం (ముందు వైపు ఏటవాలు) నలభై ఐదు, మడమ (మొన అడుగున చిన్న ఏటవాలు) పదిహేను నుంచి ఇరవై డిగ్రీలు. మొన గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుపాన్లు. ఆ రోజుల్లో పని లేనప్పుడు తల ఊడదీసి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టేయండి. ప్లాస్టిక్ కవరు కప్పి బల్ల మీద వదిలేస్తే లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది.

వెండి ఇప్పుడే ముట్టుకోకండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల రాగి రేకు, లేదా మీ దగ్గరున్న ఇత్తడి రేకు చాలు. రోజూ పది తిన్నటి గీతలు, పది వంపులు. ఆరేళ్లు గిన్నెల మీద పేర్లు వేసిన చేయి కదా, అక్షరాల వంపులు మీకు వచ్చే ఉంటాయి. తెలుగు అక్షరాల్లో ఉన్నన్ని గుండ్రాలు నగిషీ నేర్చుకునేవాళ్లకి దొరికిన వరం. ‘ఱ’, ‘ఞ’, ‘క్ష’ చెక్కండి.

వచ్చే ఆదివారం తమ్ముడి షాపు మూసి ఉంటుంది కదా, తాళంచెవి తీసుకుని వెళ్లండి. హాఫ్ ఎక్స్ లెన్స్ ఉంటే బిగించి, ఫోకస్ కుదిరాక లెన్స్ అడుగు నుంచి బిళ్ల దాకా పిల్లల స్కేలుతో కొలవండి. గుంజ లావు, తల పట్టుకునే రింగు లోపలి వెడల్పు (సాధారణంగా 76 మిల్లీమీటర్లు ఉంటుంది), గుంజ నుంచి లెన్స్ నడిమికి దూరం కూడా కొలిచి నాకు రాయండి. రాడ్డు ఎంత పొడవు కోయించాలో, రాయిలో బెజ్జం ఎక్కడ వేయించాలో లెక్కకట్టి చెబుతాను. అప్పటిదాకా లేత్ షాపుకి అడ్వాన్సు ఇవ్వకండి.